గూడ్సు బండికి అటూ ఇటూ

ఇప్పటి పెళ్లిళ్లలో లారీ మీద నల్ల పెట్టెలు పేరుస్తారు. ఒక కుర్రాడు మీట నొక్కితే వీధిలో కిటికీ అద్దాలు అదురుతాయి. నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఆ పెట్టెల ముందు ఎగిరే పిల్లలకు ఒక సంగతి తెలియాలి. ఎనభైల్లో ఆ అదురు పుట్టించడానికి మనుషుల ఊపిరి ఖర్చయ్యేది. ఆ ఊపిరి అమ్ముకుని బతికిన బ్యాండు సెట్టు మనిషిని నేను. క్లారినెట్ నా వాద్యం.

చీరాలకూ ఒంగోలుకూ మధ్య, రైలు గేటు ఊరిని రెండు ముక్కలు చేసే ఒక చిన్న పట్నం మాది. మేళంలో అందరం పాలెం వాళ్లమే. పెళ్లి లేని రోజుల్లో పత్తి తీతకు పోయేవాళ్లం, మిరపకళ్లాల్లో కాయలు ఏరేవాళ్లం, ఒకరిద్దరు గేటు దగ్గర రిక్షా తొక్కేవాళ్లు. కళ్లాల్లో కాయలు ఎండే కాలంలో ఊదేవాడి కష్టం చెప్పనలవి కాదు. గాలిలో ఘాటు. పెదాలు మండుతాయి. పాట మంచి ఊపులో ఉండగా తుమ్ము వస్తుంది. ట్రంపెట్లోకి తుమ్మినవాడి బాధ ట్రంపెట్లోకి తుమ్మినవాడికే తెలుస్తుంది.

నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. మా ఊరి గ్రంథాలయంలో ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం సంపుటాలు ఉండేవి. వాటి మీది దుమ్ము దులిపింది చాలాకాలం నేనొక్కణ్ణే. నిఘంటువు ఎడమ పక్కన, సంపుటం కుడి పక్కన పెట్టుకుని, ఒక పేజీ దాటడానికి వారం పట్టినా కదిలేవాణ్ణి కాదు. అందుకే మేళంలో నన్ను ఎవరూ పేరుతో పిలవలేదు. "ఏరా లైబ్రరీ" అనేవాళ్లు. మొదట్లో వెక్కిరింపు. తరవాత తరవాత నా భార్య కూడా అలాగే పిలిచేది.

మిషన్ ఆసుపత్రిలో ముసలి డాక్టరమ్మ ఒకామె ఉండేది. తెల్లావిడే గానీ మా తెలుగు మాకన్నా బాగా మాట్లాడేది. ఆమె పని విరమించి స్వదేశం వెళ్లిపోతుంటే ఆసుపత్రి వాళ్లు వీడ్కోలుకు మా మేళం పెట్టారు. అయిపోయాక నన్ను పక్కకు పిలిచింది.

"నీకు పుస్తకాల పిచ్చి ఉందంటగా. ఇది తీసుకో" అని ఒక క్యాసెట్ చేతిలో పెట్టింది. "ఆస్ట్రియా ఆయన. సంగీతం రాసేవాడు, పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు నడిపేవాడు. చచ్చిపోయి చాలాకాలమైంది. చిన్నప్పుడు మీలాంటి బ్యాండు వాళ్ల వెంట తిరిగినవాడేలే."

నేను వదులుతానా? ఎలా తిరిగాడు, ఎక్కడ తిరిగాడు అని ఆసుపత్రి వరండాలోనే ఆమెను నిలబెట్టేశాను. ఆమె సామాను ఎక్కించుకునే హడావుడిలో ఉండి కూడా చెప్పింది. ఆయన పెరిగింది సైనికుల పట్నమట. వాళ్ల నాన్నకు సారా దుకాణం. కిందినుంచి తాగుబోతుల పాటలు, వీధిలోంచి సిపాయిల బ్యాండు, ఇంట్లోంచి ఒకరి తరవాత ఒకరుగా పోయిన తమ్ముళ్ల శవపేటికలు. ఒకసారి తల్లీ తండ్రీ గొడవ పడుతుంటే భరించలేక వీధిలోకి పరిగెత్తాడట. అక్కడ ఎవడో పిడి తిప్పితే పాడే వాద్యప్పెట్టె మీద హుషారు పాట తిప్పుతున్నాడట. ఇంట్లో ఏడుపూ వీధిలో పాటా ఆయన లోపల కలిసి అతుక్కుపోయాయి, జీవితాంతం విడదీయలేకపోయాడు, అంది.

మిగిలింది నేను విజ్ఞాన సర్వస్వంలో చదువుకున్నాను. పల్లె నాట్యాల పాటలు, జానపద గీతాలు, సిపాయిల కవాతులు, తనకు ముందు పెద్దలు ఆర్కెస్ట్రాల కోసం రాసిన సింఫనీలు, అన్నీ ఆయనకు ముడిసరుకే. లోకంలో వినిపించేదంతా సింఫనీలో పట్టాలని ఆయన పట్టుదల. వేదిక మీద ఆర్కెస్ట్రాను కూర్చోబెట్టి, కొందరిని గోడ వెనక దాచి ఊదించేవాడట. కనపడని చోటునుంచి మేళం రావాలి. అలా ఎందుకో, ఆ ముక్క చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. పేజీ అంచున గోటితో గీత పెట్టి వదిలేశాను.

మేం సాధన చేసేది చర్చి పక్కన రేకుల గదిలో. ఒక ఆదివారం మధ్యాహ్నం క్యాసెట్ అక్కడికి పట్టుకెళ్లాను. టేప్ రికార్డర్ మాస్టారి మేనల్లుడిది. అతను మా మొదటి ట్రంపెట్. మాస్టారు అంటే మా బ్యాండు మాస్టారు. పత్తి చేలలో తిరిగే మమ్మల్ని ఒక్కొక్కరినీ చెవి పట్టుకుని తెచ్చి సరిగమలు నేర్పినాయన. అప్పటికే ఊపిరి అందక ఊదడం మానేశాడు. కుర్చీలో కూర్చుని చేతికర్రతో తాళం వేసేవాడు.

క్యాసెట్ తిరగడం మొదలైంది. చాలాసేపు ఏదో సన్నగా, దూరంగా.

మా పెద్ద డ్రమ్ము వాయించే ఆయన్ని అందరం బాబాయి అనేవాళ్లం. ఆయన బీడీ వెలిగించుకుంటూ, "ఒరేయ్ లైబ్రరీ, వీళ్లు ఇంకా శ్రుతి చేసుకుంటన్నారా, మొదలెట్టారా?" అన్నాడు.

"ఆగు బాబాయ్. ముందుకు తిప్పుతా."

నేను వినిపించదలచుకున్న చోటికి తిప్పాను. డ్రమ్ము మీద రెండే దెబ్బలు, అవే మళ్లీ మళ్లీ. వాటి మీద పెద్ద ఫిడేలు ఒక్కటే, గొంతు బొంగురుపోయిన ముసలివాడిలా, ఒక పాట ఎత్తుకుంది. గదిలో అందరూ తలలెత్తారు. అది మా మిషన్ బడిలో పాట. చిన్నప్పుడు దొరసానులు చప్పట్లు కొట్టిస్తూ మా చేత పాడించినదే. కానీ దాని మొహానికి ఎవరో మసి పూశారు. చప్పట్ల పాట చావు నడక నడుస్తోంది.

"ఓరి నాయనో! ఇది మన బళ్లో పాట కదరా!" అన్నాడు మేనల్లుడు. "పిల్లల పాటని పట్టుకుని ఇదేం పని?"

వేటగాడి శవాన్ని అడవి జంతువులు మోసుకుపోయే పిల్లల బొమ్మ ఒకటి చూసి ఆయన దీన్ని రాశాడని నేను చదివింది చెప్పాను. మాస్టారు మాత్రం కళ్లు మూసుకుని కర్రతో నేల మీద మెల్లగా తాళం వేస్తున్నాడు.

"నడక బాగుంది" అన్నాడు చివరికి. "పాడె మోసేవాడి అడుగు తెలిసినోడు రా."

నా ఆనందం చెప్పలేను. ఆ వెంటనే, చావు నడక పూర్తికాకుండానే, క్యాసెట్లో వీధి మేళం ఊడిపడింది. తాళాలు, పెద్ద డ్రమ్ము, వంకర్లు తిరిగే క్లారినెట్లు. అచ్చంగా పెళ్లి ఊరేగింపు మలుపు తిరిగి వచ్చినట్టు.

మాస్టారు కర్రతో టేప్ రికార్డర్ని కొట్టినంత పని చేశాడు. "ఆపరా దాన్ని!"

ఆపాను.

"శవం ముందు పెళ్లి మేళమా? వాడికి బుద్ధి లేకపోతే నీకుండొద్దూ తెచ్చినందుకు?"

ఆయన కోపానికి కారణం మాకందరికీ తెలుసు. మా వృత్తిలో అది గీసిన గీత. పెళ్లికి వెళితే టోపీకి ఎర్ర కుచ్చు, డ్రమ్ముకు రంగు కాగితం. చావుకు వెళితే కుచ్చు పీకేసి, డ్రమ్ముకు నల్లగుడ్డ కప్పాలి. చావుకు ఊదిన నోటితో ఆ రోజు పెళ్లికి ఊదకూడదు. దారిలో రెండూ ఎదురుపడితే పెళ్లి మేళం గప్‌చుప్‌గా నిలబడిపోవాలి. మాస్టారు నలభై ఏళ్ల పాటు ఈ గీతను ఎవరినీ తొక్కనివ్వలేదు.

నేను ఊరుకోలేక వీధిలో వాద్యప్పెట్టె కథ చెప్పాను. చిన్నప్పుడు విన్నదే ఆయన రాశాడు మాస్టారూ, అన్నాను.

"చిన్నప్పుడు విన్నదల్లా రాసేస్తారా? నేను చిన్నప్పుడు మిరపకళ్లంలో తుమ్ములు విన్నా. రాయమంటావా?"

గది గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "కారంలో ఇటుకపొడి కలిపినోణ్ణి ఏమంటారు? వీణ్ణీ అదే అంటా నేను. కల్తీగాడు." కాసేపు దగ్గాడు. ఆ దగ్గు మాకందరికీ భయం. "ఒక్కటి చెబుతున్నా, వినండి. నేను పోయినప్పుడు నా ముందు అందరూ వాయించాలి. ఒక్క తాళం తక్కువైనా లేచి కూర్చుంటా. ఈ కల్తీ మాత్రం నా దగ్గరికి రానివ్వద్దు."

"ఇప్పుడెందుకు మామా ఆ మాటలు?" అన్నాడు మేనల్లుడు.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడ్రా, పోయాక చెప్పనా?"

ఆ ఏటి కళ్లాల్లో కాయలు ఇంకా ఎండుతుండగానే, ఒక మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కబురు విని నేను పరిగెత్తేసరికి చేతికర్ర ఒళ్లోనే ఉంది.

మర్నాడు ఆ నెల మొత్తానికీ పెద్ద ముహూర్తం. గేటుకు తూర్పున ఉండే మిర్చి షావుకారు ఒకాయన కూతురి పెళ్లికి తాంబూలం తీసుకుని ఉన్నాం, అంటే వాయిస్తామని మాటిచ్చినట్టే. పెళ్లికొడుకు వాళ్లు అద్దంకి వైపునుంచి బస్సులో పడమటి వైపు దిగుతారు. ఎదురుకోలు అక్కడ. మేళంతో గేటు దాటించి పెళ్లింటికి చేర్చాలి. సమాధుల తోట మాత్రం గేటుకు పడమరన ఉంది. పాలెం తూర్పున. అంటే పెళ్లి తూర్పుకు రావాలి, శవం పడమరకు పోవాలి. మధ్యలో ఒకటే గేటు.

మాస్టారి ఇంటి ముందు పందిరి గుంజల దగ్గర మాటలు మొదలయ్యాయి.

"తాంబూలం తిరిగిచ్చేద్దాం" అన్నాడు మేనల్లుడు. ఏడ్చి ఏడ్చి అతని కళ్లు మిరపకాయల్లా ఉన్నాయి.

"రేపు పెళ్లి పెట్టుకుని ఇవాళ తాంబూలం ఇచ్చేత్తే, షావుకారు ఊరుకుంటాడంట్రా? ఇంకెవడైనా ఈ చుట్టుపక్కల మనల్ని పిలుస్తాడా?" అన్నాడు బాబాయి.

"అయితే మామని చేతాళాలతో సాగనంపుదామా?"

పాస్టరు గారు ఎండ ముదరకముందే సమాధి కార్యక్రమం అయిపోవాలన్నారు. ఆయనకు మధ్యాహ్నం కొత్తపట్నం వైపు ఒక పల్లెలో ప్రార్థన ఉంది. ఏం చేయాలో తోచక అందరం అరుగు మీద తలలు వంచుకుని కూర్చుంటే, లోపలినుంచి మాస్టారి భార్య బయటికి వచ్చింది. మేం ఆమెను అమ్మా అనే పిలిచేవాళ్లం. గట్టిగా మాట్లాడడం మేం ఎప్పుడూ వినలేదు.

"తాంబూలం తీసుకుని మానుకుంటే ఆయన ఒప్పుకునేవాడా?" అంది. "సగం మంది పెళ్లికి పోండి."

"అందరూ ఉండాలన్నాడమ్మా" అన్నాను నేను.

"తెలుసు. పెళ్లికొడుకుని దింపేసి పరిగెత్తుకు రండి. గుంట దగ్గరికైనా అందరూ ఉండొచ్చు."

అదీ ఒప్పందం. గుంటలోకి దించేలోగా మేళం మొత్తం ఆయన ముందు నిలబడాలి. పెళ్లి సగానికి నన్ను పెద్దగా పెట్టారు. బాబాయి నాతో. మేనల్లుడు ట్రంపెట్ పట్టుకుని శవం ముందు. పెళ్లి ముందుగా గేటు దాటేస్తుంది, తరవాతే శవం బయలుదేరుతుంది, రెండూ ఎదురుపడవు అనుకున్నాం.

పెళ్లివారి బస్సు ఆలస్యంగా వచ్చింది. దారిలో ఎక్కడో కాఫీలకు ఆగారట. షావుకారు మొహం మాడిపోయి ఉంది. పన్నీరు చల్లి, దండలేసి, పెళ్లికొడుకుని పూల కారెక్కించి, మేం ఎత్తుకున్నాం. నేను ఎండ వంక చూస్తూ ఊదుతున్నాను. కుర్రాళ్లు ఎగురుతున్నారు. గేటు దగ్గరికి వచ్చేసరికి అది పడిపోయి ఉంది.

"ఎంతసేపు?" అని గేటు మనిషిని అడిగాను.

"గూడ్సు. ఇప్పుడే పోద్ది."

గూడ్సు వచ్చింది. పోలేదు. సగం వ్యాగన్లు దాటి, గేటుకు అడ్డంగా పొడుగ్గా నిలబడిపోయింది. ముందు సిగ్నల్ ఇవ్వలేదట. బొగ్గు వ్యాగన్లు. అవతల ఏముందో కనపడదు. చక్రాల మధ్యనుంచి చూస్తే ఎండ మాత్రమే.

"వాయించండ్రా, నిలబడ్డారేం!" అని పెళ్లికొడుకు తరఫు కుర్రాళ్లు కేకలు. హుషారైన పాట ఎత్తుకున్నాం. అంతా చిందులు. పసుపు, అత్తరు, కళ్లాల నుంచి వచ్చే ఘాటు. అప్పుడు వినపడింది.

బొగ్గు వ్యాగన్ల అవతలనుంచి ట్రంపెట్. చాలా నెమ్మదిగా, ఒక్కో స్వరం నేల మీద దించి మళ్లీ ఎత్తుకున్నట్టు. మాస్టారు మాకు నేర్పిన చావు నడక. శవం అవతల గేటు దగ్గరికి వచ్చేసింది. మాకోసం చూసి చూసి, పాస్టరు గారి తొందరతో బయలుదేరదీశారని తరవాత తెలిసింది.

ఎదురుపడితే ఆపాలి. కానీ ఇది ఎదురుపడడమేనా? కంటికేం కనపడడం లేదు. నేను చెయ్యెత్తుదామా వద్దా అని తేల్చుకునేలోపే నా వెనక ఏదో జరిగింది.

బాబాయి దెబ్బ మారింది.

బాబాయికి ఏళ్ల తరబడి ఒకటే పాఠం. మొదటి ట్రంపెట్ ఎటు పోతే డ్రమ్ము అటు పోవాలి. నేను పాటలో తప్పినా, ఎవరు తప్పినా, చెవి ట్రంపెట్ మీదే ఉండాలని మాస్టారు తలమీద మొట్టి నేర్పాడు. మేళాన్ని రెండుగా చీల్చినప్పుడు మాలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. ఆయన చేతులు అవతలి ట్రంపెట్‌కు లొంగిపోయాయి. ఢమ్. అడుగు. ఢమ్. అడుగు. పైన మా క్లారినెట్లు, ఈలలు, పెళ్లి పాట. కింద పాడె నడక.

అవతల కూడా అదే జరిగింది. శవం ముందున్న సైడ్ డ్రమ్ము మనిషి మా తాళాల మోత విని, తనకు తెలియకుండానే చిందు దరువులోకి జారాడు. రైలుకు ఈ పక్క పెళ్లి కింద చావు, ఆ పక్క చావు మీద పెళ్లి. రెండు మేళాలు కావవి. ఒకటే మేళం, మధ్యలో బొగ్గు.

నా వేళ్లు బిగుసుకుపోయాయి. ఆ ధ్వని నేను అంతకుముందు విన్నాను. రేకుల గదిలో, క్యాసెట్లో. ముక్కకు ముక్క అదే. గోడ వెనకనుంచి వచ్చే మేళంతో సహా. అప్పటిదాకా ఆ ఆస్ట్రియా ఆయన ఏదో తెలివితో కల్పించి రాశాడనుకున్నాను. వింతగా ఉండాలని కలిపాడనుకున్నాను. కల్పించలేదు. ఆయన ఎక్కడో ఇలాంటి చోట నిలబడి ఉన్నాడు. నిలబడి, చెవులు మూసుకోలేక విన్నాడు. అది తెలిసిన క్షణంలో నాకు కలిగింది ఆనందం కాదు, భయం. క్లారినెట్ నోట్లో ఉంది, ఊపిరి లేదు.

"ఒరేయ్! పెళ్లికొచ్చారా చావుకొచ్చారా?" షావుకారు జనాన్ని తోసుకుంటూ వచ్చి బాబాయి డ్రమ్ము కర్ర పట్టుకున్నాడు. బాబాయి మొహమంతా నీళ్లు. "నేను కొట్టట్లేదయ్యా, నేను కొట్టట్లేదు" అంటున్నాడు. కర్ర మాత్రం వదలడం లేదు.

మేళం దానంతట అదే తెగిపోయింది. అవతల కూడా. ఇంజను బుస తప్ప ఏ చప్పుడూ లేదు.

"శవం ఎదురొస్తే మంచిదే అంటారుగా" అన్నాడు పెళ్లివారిలో ఒక పెద్దాయన, ఎవరినో ఓదార్చినట్టు.

"అది ప్రయాణానికి బావా. పెళ్లికా?" అన్నాడు ఇంకొకాయన. "తిరిగి బస్సెక్కుదాం పదండి" అని ఎవరో అననే అన్నారు. షావుకారు మొహంలో రక్తం లేదు. కోపంగా అరిచిన మనిషి వణకడం అప్పుడు చూశాను. ఇంట్లో పీటల మీదికి రావాల్సిన పిల్ల ఉంది.

రైలు కదిలింది. ఒక్కో వ్యాగనూ దాటుతుంటే సందుల్లోంచి అవతల ముక్కలు ముక్కలుగా కనిపించింది. నల్లగుడ్డ. తెల్లటి పెట్టె. మేనల్లుడి మొహం. మళ్లీ బొగ్గు. పాస్టరు గారి గొడుగు. మళ్లీ బొగ్గు. గేటు లేచేసరికి మేం ఎదురెదురుగా ఉన్నాం, మధ్యలో పట్టాలు.

షావుకారు ముందుకు నడిచాడు. "ముందు మా వాళ్లు దాటాలి. శవాన్ని వెనక్కి తిప్పండి. కనపడనంత దూరం తీసుకుపోండి."

"మా మామ బతికినంతకాలం మీ పెళ్లిళ్లకి దారిచ్చాడు" అన్నాడు మేనల్లుడు. "పాడెక్కాక కూడా వెనక్కి నడవాలా?"

అటు మోసేవాళ్లు పెట్టె దించి నిటారుగా నిలబడ్డారు. ఇటు కుర్రాళ్లు చొక్కా చేతులు మడుస్తున్నారు. నేను ఎటు మనిషినో నాకే తెలియలేదు. నెత్తి మీద ఎర్ర కుచ్చు, ఎదురుగా మా మాస్టారు.

అమ్మ పట్టాల మీదికి వచ్చింది. చెప్పులు లేవు. రాళ్ల మీద మెల్లగా నడుస్తూ నేరుగా షావుకారు దగ్గరికి వచ్చింది.

"బాబూ, వెనక్కి తిప్పం. పక్కకి జరుగుతాం. మీ అల్లుణ్ణి దాటించుకోండి."

షావుకారు ఆమె వంక చూడలేకపోయాడు. తల వంచి, "సరేనమ్మా" అన్నాడు. మా వైపు తిరిగి, "మేళం ఆపేసి గమ్మున దాటండి. అవతలికి పోయాక ఎత్తుకోండి" అన్నాడు.

అదే పద్ధతి. మాస్టారు గీసిన గీత కూడా అదే. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

"ఆపొద్దు" అంది అమ్మ.

నేను సరిగా వినలేదనుకున్నాను.

"వాయిస్తూ దాటండి."

"అమ్మా... మాస్టారి ముందర..."

"లైబ్రరీ, నీకు చెబుతున్నా. వాయించు. పెళ్లి పాటే వాయించు."

పాస్టరు గారు గొడుగు దించారు. దుఃఖంతో ఆమె మతి చలించిందని అక్కడున్నవాళ్లంతా అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ మొహం చూశాక కాదనే ధైర్యం నాకు లేదు.

ఎత్తుకున్నాం. తెల్ల పెట్టెకు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, దారి అంచున దాన్ని ఎండలో పెట్టి ఉండగా, మేం కుచ్చుల టోపీలతో పెళ్లి పాట వాయిస్తూ నడిచాం. బాబాయి చిందు దరువు వేస్తున్నాడు, చెంపల మీదుగా నీళ్లు డ్రమ్ము తోలు మీద పడుతున్నాయి. ఏ చావుకూ నేను అంత కష్టంగా ఊదలేదు. పూల కారు దాటేటప్పుడు పెళ్లికొడుకు రెండు చేతులూ జోడించాడు. పక్కనున్న వాళ్లెవరూ అతన్ని ఆపలేదు.

పెళ్లింటి గుమ్మం దగ్గర దింపేసి వెనక్కి పరిగెత్తాం. పరిగెత్తుతూనే కుచ్చులు పీకేశాం. మాస్టారి పెట్టె ఇంకా గేటు పక్కనే ఉంది. పాస్టరు గారు గడియారం చూసుకుంటున్నారు గానీ ఏమీ అనలేదు. డ్రమ్ముకు నల్లగుడ్డ కప్పి, మేళం మొత్తం మాస్టారి ముందు నిలబడి, సమాధుల తోట దాకా వాయించాం. ఎవరూ తప్పలేదు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

తరవాత చాలా ఏళ్లు నేను ఆ ఆస్ట్రియా ఆయన గురించి దొరికిందల్లా చదివాను. ఆ పాటను మొదటిసారి వాయించినప్పుడు అక్కడి జనం కూడా బిత్తరపోయారట, ఏడవాలో నవ్వాలో తెలియలేదట. పెద్ద పెద్ద చదువులవాళ్లు దానికి చాలా కారణాలు రాశారు. అన్నీ చదివాను. కొన్ని ఒప్పుకున్నాను. కానీ ఆ రోజు సాయంత్రం విన్న మాటకు సరితూగేది ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

సమాధి దగ్గరనుంచి వచ్చాక, మాస్టారి ఇంటి అరుగు మీద మేళం వాళ్లం కూర్చుని ఉన్నాం. అమ్మ అందరికీ మంచినీళ్లు ఇస్తోంది. మేనల్లుడు ఉండబట్టలేక అడిగేశాడు.

"అత్తా, ఎందుకలా చేయించావు? మామకి అది గిట్టదని నీకు తెలీదా?"

ఆమె చెంబు కింద పెట్టి గుంజకు ఆనుకుని కూర్చుంది.

"మా పెళ్లికి మేళం లేదురా" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. బ్యాండు మాస్టారి పెళ్లికి మేళం లేకపోవడమేమిటి?

"ఆ రోజు ఏదో పెద్ద ముహూర్తం. మేళమంతా పక్కూరి పెళ్లిలో ఉంది. ఈయన బ్యాండు కోటుతోనే చర్చికి పరిగెత్తుకొచ్చాడు. పాస్టరు గారు అడిగినదానికి అవునన్నాడు, ఉంగరం పెట్టాడు, మళ్లీ పరిగెత్తాడు. తాంబూలం తీసుకున్నాం అన్నాడు. నేను చర్చి మెట్ల మీద కూర్చున్నా. చెరువు అవతల ఆ పెళ్లి మేళం వినపడుతోంది. అందులో ట్రంపెట్ ఆయనదే. ఎవరి పెళ్లికో ఊదుతున్నాడు. ఎప్పుడూ ఆయనతో అనలేదు. ఏమనుకుంటాడోనని."

బాబాయి నీళ్ల గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇవాళ ఆయన ఎటూ పరిగెత్తడుగా" అంది అమ్మ. "నా పక్కనే ఉన్నాడు. మీరు నా ఎదురుగా పెళ్లి పాట వాయించుకుంటా వెళ్లారు."